ఎత్తుకి ఎత్తు

మెల్బోర్న్
1984 ఏప్రిల్ 8

అత్తకి,

నీ ఉత్తరం అందింది. కవరు చించగానే కొబ్బరినూనె వాసన. తల దువ్వుకున్న చేత్తోనే రాసి ఉంటావు. ఆ వాసన పోతుందేమోనని చదివిన ప్రతిసారీ మళ్ళీ కవర్లోనే పెట్టేస్తున్నాను.

ల్యాబ్ ఎలా ఉంటుందని అడిగావు. "అన్నీ పెద్దవి, అన్నీ తెల్లవి" అని రాసి ఊరుకుంటే నువ్వు ఒప్పుకోవు. ముప్పై ఏళ్ళు హాస్పిటల్ ల్యాబులో రక్తం పరీక్షలు చేసినదానివి, నీకు లెక్క ప్రకారం చెప్పాలి. మూడో అంతస్తులో పొడుగాటి బల్ల. ఐదుగురం పరిశోధన విద్యార్థులం, మనిషికి బారెడు చోటు. నాది సింకు పక్కది. వచ్చేపోయేవాళ్ళు చేతులు కడుక్కుని నా నోటుపుస్తకం మీద దులిపి పోతారు. "సారీ మటిల్డా" అంటారు. నా పేరు మటిల్డా కాదని రెండు నెలలు చెప్పి మానేశాను.

చల్లగది ఒకటుంది. గది మొత్తం ఫ్రిజ్ అనుకో. ప్రొటీన్లు వేడికి చెడిపోతాయి కాబట్టి వాటితో పనంతా అక్కడే. తలుపు దగ్గర మేకుకి ఒకే ఒక్క కోటు వేలాడుతుంటుంది, అందరికీ అదే. జేబుల్లో ఎవరెవరివో చేతిరుమాళ్ళు, ట్రామ్ టికెట్లు. నాకు ఆ గదిలోనే హాయిగా ఉంటుంది. అక్కడ పళ్ళు కొట్టుకుంటూ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కాబట్టి నాతో మాట్లాడటం లేదని అనిపించదు.

మంగళవారం మంగళవారం ఐసు బకెట్టు పట్టుకుని ట్రామెక్కి కబేళాకి వెళ్తాను, గొర్రె కాలేయం కోసం. మొన్న పక్క సీట్లో ఒక పెద్దావిడ "ఏంటమ్మా బకెట్లో, చేపలా?" అంది. "కాదండీ, కాలేయం. ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాను. లేచి వెళ్ళి డ్రైవరు వెనక కూర్చుంది. ఆ వారం ల్యాబు బయట నేను మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఆ కాలేయాన్ని నూరి, చక్కెర పాకంలాంటి ద్రావణం మీద పోసి, నేలమాళిగలో ఉన్న పెద్ద సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. నిమిషానికి ముప్పై వేల చుట్లు! కణంలో బరువైనవి కిందికి, తేలికవి పైకి, పొరలు పొరలుగా విడిపోతాయి. నాకు కావలసిన ఎంజైము ఒక పొరలో ఉంటుంది. ఆ యంత్రానికి కాపలాదారు లెఫ్తేరిస్ గారని గ్రీకు ఆయన, ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలోనే. ఆయన పసుపు కార్డు మీద సంతకం పెడితే గానీ ప్రొఫెసరైనా దాన్ని ముట్టుకోకూడదు. అందరికీ మూడు రోజులు నేర్పుతాడట. నాకు ఒక్క మధ్యాహ్నమే. "అలవాటున్న చెయ్యి, చూస్తేనే తెలుస్తోంది. ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా అత్త" అన్నాను. సంతకం పెట్టి మూడింటికల్లా వెళ్ళిపోయాడు, భార్యకి ఆ వారమే ఆపరేషన్.

ఇక్కడ నన్ను మతిలే అని పిలిచేది ఆయనొక్కడే. "నా పేరు వీళ్ళకి తిరగక టెర్రీ చేశారు. మనకెందుకు ఆ పాపం" అంటాడు.

నీ
మతిలే

*

సవాయి దీవి
ఏప్రిల్ 29

మతిలే పిల్లా,

ఎంత దూరం పోయావే, కాలేయం పచ్చడి చేసి తినకుండా పారబోయడానికి! మీ నాన్నకి చదివి వినిపిస్తే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

ఆ గ్రీకాయన మంచివాడు. నీ చేతిలో నా చెయ్యి కనిపెట్టాడు చూడు. వాళ్ళావిడ ఎలా ఉందో కనుక్కో. ఊరికే కనుక్కోవడం కాదు, ఏదన్నా వండి పట్టుకెళ్ళు.

హాస్పిటల్లో రక్తం తిప్పే మన చేతియంత్రం పిడి మళ్ళీ ఊడింది. వడ్రంగి చెక్కతో ఒకటి చేసిచ్చాడు, తిప్పుతుంటే కప్పలా అరుస్తోంది. నీ ముప్పై వేల చుట్ల ముందు నా చేతి తిప్పుడు ఎంత? అయినా సూత్రం ఒకటే కదే. ఎదురెదురు ట్యూబుల్లో ద్రవం ఎత్తుకి ఎత్తు చూసుకో. కంటికి సరిపోతే యంత్రానికీ సరిపోయినట్టే. ఇన్నేళ్ళలో నా దగ్గర ఒక్క గాజు పగల్లేదు. కొత్తగా వచ్చిన నర్సులకి నీ పేరు చెప్పి మరీ నేర్పుతున్నాను: "ఇలాగే నేర్చుకుంది మా పిల్ల, ఇప్పుడు మెల్బోర్న్‌లో తిప్పుతోంది" అని.

మనవాళ్ళ చర్చి అక్కడెక్కడో ఉండే ఉంటుంది. వెతుక్కో. బల్లలతో మాట్లాడుతూ కూర్చోకు.

అత్త
సోసేఫినా

*

మెల్బోర్న్
మే 23

అత్తకి,

ముందు ఇది చదువు: నాకేం కాలేదు.

మొన్న పొద్దున పదకొండింటికి నేను చల్లగదిలో ఉన్నాను. ఉన్నట్టుండి నేల కింద నుంచి దబ్బుమని చప్పుడు. అరల్లో సీసాలు గణగణలాడాయి. భూకంపమే అనుకుని, మనం చేసినట్టే, పరిగెత్తి గుమ్మం కింద నిలబడ్డాను. మిగతావాళ్ళు బల్లల దగ్గరే ఉండి నన్ను చూస్తున్నారు. "ఏంటి మటిల్డా, ఎవరికోసం చూస్తున్నావ్?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

భూకంపం కాదు. కింద సెంట్రిఫ్యూజ్ పేలింది. లోపల తిరిగే రోటరు ఇరుసు విరిగి ఊడిపోయి, ఇనుప గోడల్ని కొట్టుకుని కొట్టుకుని ఆగిందట. యంత్రం గోడ దగ్గర నుంచి మూరెడు జరిగింది. మూత అట్టముక్కలా వంగింది. ఆ సమయానికి లెఫ్తేరిస్ గారు కాఫీకి వెళ్ళబట్టి బతికాడు.

అందులో తిరుగుతున్నవి నా ట్యూబులు.

కమిటీ వేశారు. ముగ్గురు. "రెండు వైపులా సరిపెట్టావా?" అని అడిగారు. సరిపెట్టానన్నాను. సరిపెట్టాను కూడా. నా కళ్ళతో చూసుకుని మరీ.

నాలుగు నెలల పని పొడైపోయింది. చర్చి దొరికింది, రెండు రైళ్ళు మారాలి. ఒకసారి వెళ్ళాను. అందరూ "ఏ ఊరు, ఎవరి పిల్లవి" అని అడిగారు. చెప్తూ చెప్తూ మధ్యలోనే లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

మతిలే

*

సవాయి దీవి
జూన్ 10

మతిలే,

నీ ఒంటి మీద గీత పడలేదు కదా? నిజం చెప్పు. మీ నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు, నేను మాత్రం తిన్నాను, ఇద్దరం పస్తుంటే నీకు ఉత్తరం ఎవరు రాస్తారు?

యంత్రమన్నాక విరుగుతుంది. నిన్ను ఎవడైనా ఒక్క మాటంటే నా పేరు చెప్పు. పాస్టరు గారు ఆదివారం ప్రార్థనలో నీ పేరు చదివారు. బయటికొచ్చాక ఆ నోటి దురుసు లుఫిలుఫి లేదూ, "మీ పిల్లే విరగ్గొట్టిందేమో" అంది. చర్చి మెట్ల మీదే నిలబెట్టి కడిగేశాను. "ఎత్తుకి ఎత్తు చూడకుండా మా పిల్ల పిడి ముట్టదు. దానికి నేర్పింది నేను" అన్నాను. నోరు మూసుకుని పోయింది.

కమిటీ ఏం తేల్చింది? ఆ గ్రీకాయన ఎలా ఉన్నాడు?

అత్త

*

మెల్బోర్న్
జూన్ 30

అత్తకి,

చలి బాగా పెరిగింది. నువ్వు పంపిన ఉన్ని స్వెట్టరు మీద ల్యాబు కోటు వేసుకుంటే గుండీలు పట్టడం లేదు. అన్నం బాగానే తింటున్నాను.

కమిటీ తేల్చింది. రోటరుకి ఇన్నిసార్లే తిరగాలని ఒక ఆయుష్షు ఉంటుంది. అది దాటిపోయినా లెఫ్తేరిస్ గారు పక్కన పెట్టలేదని, తప్పు ఆయనదేనని రాశారు. ఆయన పుస్తకంలో లెక్క ప్రకారం ఇంకా ఆయుష్షు ఉంది. ఆ లెక్క నమ్మలేమన్నారు. ఆయన వాదించలేదు. కింద గది తాళంచెవి తీసుకుని ఆయన్ని గాజుసామాను కడిగే చోటికి మార్చారు. వచ్చే మార్చికి ఆయన రిటైరవుతాడు. మా అందరి ఫ్లాస్కులూ ఇప్పుడు ఆయనే కడుగుతాడు. నావి నేనే కడుక్కుంటున్నాను. నిన్న అక్కడ ఎదురుపడి "నీవి కూడా ఇటియ్యి మతిలే, ఇదే కదా నా ఉద్యోగం" అన్నాడు. ఇవ్వలేదు.

అత్తా, మన హాస్పిటల్లో ఎప్పుడైనా ట్యూబుల్ని తక్కెడలో పెట్టి తూచామా? ఊరికే అడుగుతున్నాను.

మతిలే

*

సవాయి దీవి
జూలై 19

మతిలే,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఆరేళ్ళప్పుడు "ఊరికే అడుగుతున్నా, కోడి గుడ్డు కింద పడితే పిల్ల చచ్చిపోతుందా" అన్నావు. వెళ్ళి చూస్తే బుట్టంతా పగిలి ఉంది.

నీ ఉత్తరం చదివిన రోజే రెండు ట్యూబులు తీసుకున్నాను. ఒకదాంట్లో మంచినీళ్ళు పోశాను. రెండోదాంట్లో, నువ్వు మొదటి ఉత్తరంలో రాశావే చక్కెర పాకం, అలాంటిది కలిపి పోశాను. కంటికి సరిగ్గా ఎత్తుకి ఎత్తు. తీసుకెళ్ళి మందులు తూచే తక్కెడలో చెరోవైపు పెట్టాను. చక్కెర వైపు ధడేల్మని దిగింది. ముప్పై ఏళ్ళు నా మాట ఎందుకు నిలిచిందో అప్పుడు తెలిసింది. ఇక్కడ రెండు వైపులా రక్తమే. రక్తానికి రక్తం సరిపోయేది. అది నా తెలివి కాదు, రక్తం మంచితనం.

నువ్వు ఒకవైపు పాకం, ఎదురుగా మంచినీళ్ళు పెట్టావు. ఎత్తు చూశావు, బరువు చూడలేదు. అవునా?

అడిగేనాటికే నీకు తెలుసు. తెలిసీ, "నువ్వు నేర్పింది తప్పత్తా" అనలేక నోరు మూసుకున్నావు. నేను చర్చి మెట్ల మీద పేలిన పేలుడు చదివాక ఇంకా బిగుసుకున్నావు. చూడు పిల్లా, నాకు అరవై నిండాయి. నా పరువు అంత పల్చన కాదు. దానికి నువ్వు గొడుగు పడితే ఆ ముసలాయన తల తడుస్తోంది.

ఇది కమిటీకి చెబితే సరిపోదు. కమిటీకి చెప్పడానికి నోరు చాలు. ఆయన వాకిట్లో కూర్చోవాలి. మీ బాబాయి లారీ కింద పొరుగూరి ముసలామె కాలు పోయినప్పుడు మనమేం చేశాం? పొద్దున్నే వాళ్ళ ఇంటిముందు ఇంటిల్లిపాదీ నెత్తిన సన్నచాప కప్పుకుని, తప్పు మాదేనని ఒప్పుకుంటూ ఇఫోగా కూర్చున్నాం. కొడతారో, రాళ్ళేస్తారో, పట్టించుకోకుండా పోతారో వాళ్ళిష్టం. నువ్వు నా ఒళ్ళో ఉన్నావు, ఉక్కపోతకి గోల చేశావు. మధ్యాహ్నానికి వాళ్ళ పెద్దాయన వచ్చి తన చేత్తో చాప ఎత్తాడు. అప్పటిదాకా ఒక్కరమూ కదల్లేదు.

వేరే పార్సిల్లో మా అమ్మ నేసిన చాప పంపుతున్నాను. పోగొట్టావంటే చంపుతాను.

అత్త

*

మెల్బోర్న్
ఆగస్టు 8

అత్తా,

అవును. అంతా నువ్వు రాసినట్టే.

కమిటీకి చెప్పినప్పుడు నాకు తెలియదు. జూన్ మధ్యలో పక్క ల్యాబు బ్రిజిడ్ తన ట్యూబుల్ని ఒక్కొక్కటే తక్కెడ మీద పెట్టి చుక్క చుక్కా పోస్తుంటే "ఎందుకలా?" అన్నాను. "తూకం కుదరకపోతే యంత్రం పేలిపోదూ! నీకు తెలియందా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత చల్లగదిలోకి వెళ్ళి ఆ కోటు తొడుక్కుని గంటసేపు నిలబడ్డాను. అప్పటికింకా కమిటీ రాసివ్వలేదు. చెప్పడానికి పది రోజులు టైముంది. ఆ పది రోజులూ రోజూ ప్రొఫెసరు గది తలుపు దాకా వెళ్ళాను. నీ పరువు కోసమే అనకు అత్తా, అందులో సగం నాకోసం. తప్పుడు మాట చెప్పానని తెలిస్తే స్కాలర్‌షిప్ రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. పాస్టరు గారు ప్రార్థనలో చదివిన పేరు పెట్టె పట్టుకుని పడవ దిగుతుంది.

చాప వచ్చింది. గదిలో పరిచి దాని మీద పడుకున్నాను ఒక పూట.

కానీ ఇఫోగా ఒక్కర్తి కూర్చునేది కాదు కదా. ఇల్లంతా కూర్చోవాలి. నాకిక్కడ ఇల్లేది? వెనక ఎవరూ లేకుండా నేనొక్కదాన్నే వాళ్ళ వాకిట్లో చాప కప్పుకుంటే అది క్షమాపణలా ఉండదు, పిచ్చిదానిలా ఉంటుంది.

అయినా కూర్చుంటాను. సెప్టెంబరు ఒకటి, శనివారం పొద్దున తొమ్మిదింటికి. అదైపోయాక సోమవారం కమిటీ దగ్గరికి. ముందే చెప్తున్నాను, నువ్వు ఆ వేళకి నా గురించి తలుచుకో చాలు.

మతిలే

*

సవాయి దీవి
ఆగస్టు 22

మతిలే,

తలుచుకోవడమేంటి? నేర్పింది నేనైతే కూర్చోవాల్సింది నువ్వొక్కదానివా? శనివారం తొమ్మిదింటికి మన వాకిట్లో, ఆయన ఇల్లున్న వైపు తిరిగి నేనూ కూర్చుంటాను. ఆయన నీ చాప ఎత్తేదాకా లేవను. నీకెలా తెలుస్తుందని అడగకు. తెలుస్తుంది.

మోకాళ్ళ కింద గుడ్డ మడతపెట్టుకో. గొప్పలకి పోకు.

అత్త

*

మెల్బోర్న్
సెప్టెంబరు 3, సోమవారం

అత్తకి,

నువ్వు ఊపిరి బిగపట్టి చదవకుండా ముందు ఇవాళ్టి సంగతి చెప్పేస్తాను. కమిటీకి అంతా చెప్పాను. లెఫ్తేరిస్ గారి మీద రాసిన కాగితం కొట్టేశారు. తాళంచెవి తిరిగిచ్చారు, కానీ ఆ గదిలో యంత్రం లేదు. కొత్తది వచ్చేసరికి ఆయన రిటైరైపోతాడు. నన్ను ఈ ఏడాది ఏ యంత్రమూ ముట్టుకోవద్దన్నారు. స్కాలర్‌షిప్ వాళ్ళకి ఉత్తరం వెళ్తుంది. ఉంచుతారో పంపేస్తారో డిసెంబరులో తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనాల గదిలో నేను కూర్చోగానే బల్ల ఖాళీ అయింది. ఇప్పుడు అందరికీ నా పేరు సరిగ్గా పలుకుతోంది.

ఇక శనివారం.

వాళ్ళది చిన్న ఇటుకల ఇల్లు. ముందు సిమెంటు గచ్చు, మూల నిమ్మచెట్టు. సరిగ్గా తొమ్మిదింటికి గచ్చు మీద కూర్చుని చాప కప్పుకున్నాను. వాన తుంపర. చాప కింద నా మోకాళ్ళు, గీతలు గీతలుగా వెలుతురు, అంతే. నా వెనకాల నువ్వున్నావు అనుకున్నాను. గట్టిగా అనుకున్నాను.

కాసేపటికి తలుపు చప్పుడైంది. వాళ్ళావిడ ఎవ్దోకియా గారు.

"ఎవరది? ఏయ్! చాప కింద ఎవరు?"

"నేనండీ, మతిలే. ల్యాబ్ నుంచి."

"చాపలమ్ముతున్నావా? మాకొద్దమ్మా."

"అమ్మడానికి కాదండీ. తప్పు చేశాను. ఆయనకి చెప్పుకోవాలి."

"చెప్పుకోవాలంటే తలుపు కొట్టాలి గానీ తడి గచ్చు మీద కూర్చుంటారా ఎవరన్నా? లే, లే! ఈ వయసులో చలి లోపలికి పోతే రేపు పిల్లలు పుట్టరు!"

లేవలేదు. ఆవిడ లోపలికెళ్ళింది. గ్రీకులో పెద్ద పెద్ద కేకలు. చాప సందులోంచి చూస్తే కిటికీ దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. తెర లాగేశాడు. ఆవిడ ఒక గిన్నెలో పులుసు తెచ్చి పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. చల్లారాక పిల్లి తాగింది. నాలుగైంది. ఆయన రాలేదు. కాళ్ళు మొద్దుబారిపోయి, చాప చుట్టుకుని కుంటుకుంటూ ట్రామ్ స్టాపుకి వచ్చాను.

అక్కడ, అత్తా, బెంచీ మీద కూర్చుని "పాపం అత్త ఇంకా కూర్చునే ఉందేమో, ఆయన ఎత్తలేదని ఎలా చెప్పాలి" అని లెక్క వేస్తుంటే అప్పుడు తట్టింది. మన దీవి తేదీ మారే గీతకి అవతల, ఇక్కడికి ఒక రోజు వెనక! చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నదే. ఇన్ని నెలల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు. శనివారం అని రాశాను గానీ ఎవరి శనివారమో రాయలేదు. నేను వాళ్ళ వాకిట్లో కూర్చున్నప్పుడు నువ్వింకా శుక్రవారంలో ఉన్నావు, హాస్పిటల్లో ఆ కప్ప అరుపుల పిడి తిప్పుతూ. ఏడు గంటలు నా వెనక ఎవరూ లేరు.

మూడు ట్రాములు వచ్చి వెళ్ళిపోయాయి. ఎక్కలేదు. ఏడవలేదు కూడా, ఒక రకమైన నవ్వొచ్చింది. ఆ తర్వాత ఇంకో లెక్క తట్టింది. నీ శనివారం అంటే ఇక్కడ ఆదివారం. నువ్వు కూర్చునేది రేపు. నువ్వు కూర్చుంటే నేను గదిలో పడుకునా?

ఆదివారం తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఇల్లు తాళం. చర్చికి వెళ్ళారు. ఖాళీ ఇంటికి ఇఫోగా కూర్చున్నది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. పదకొండున్నరకి గేటు తీసిన చప్పుడు. "దేవుడా, మళ్ళీ వచ్చింది!" అంది ఎవ్దోకియా గారు. నల్లబూట్లు వచ్చి నా ముందు ఆగాయి. మోకాళ్ళు పటపటమన్నాయి. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"నిన్న నన్ను నిలదీయడానికొచ్చావనుకున్నా" అన్నాడు.

"నేనా? మిమ్మల్నా?"

"నీ కార్డు మీద సంతకం నాదే కదా. మూడు రోజులు నేర్పాల్సింది ఒక్క పూటలో తేల్చేసి ఇంటికొచ్చేశా. తూకం సంగతి రెండో రోజు చెప్తాను నేను. నీకు రెండో రోజే లేదు. కమిటీ వాళ్ళు రోటరు పాతదన్నారు, సరే అన్నాను. ఎక్కువ మాట్లాడితే ఆ కార్డు తీస్తారేమోనని భయం."

"ఎదురుగా మంచినీళ్ళు పెట్టింది నేనండీ. తర్వాత తెలిసి కూడా చెప్పలేదు."

"తెలుసు. పేలిన యంత్రం తొట్టి తుడుస్తుంటే ఒక వైపే చేతికి బంకలా అంటుకుంది చక్కెర. ఆ రోజే తెలుసు."

మళ్ళీ ఆయనే "ఇది మీ దగ్గర ఎలా ముగుస్తుంది?" అన్నాడు.

"మీరు చాప ఎత్తాలి. ఇష్టమైతేనే."

"ఇష్టం లేకపోతే?"

"కూర్చునే ఉంటాను."

"నాకు కోపంగా ఉందమ్మాయ్. సంతకం తప్పు నాదే, అయినా కోపంగా ఉంది. రెండు నెలలు ఫ్లాస్కులు కడిగాను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు 'టెర్రీ, ఇది సరిగ్గా కడగలేదు' అని వెనక్కిచ్చారు. నువ్వు నీవి నువ్వే కడుక్కుంటుంటే, ఇదొక్కత్తైనా నన్ను మర్యాదగా చూస్తోందనుకున్నా. అది మర్యాద కాదన్నమాట."

"కాదండీ."

ఆయన మెట్టు మీంచి లేవలేదు. ఎవ్దోకియా గారు లోపల్నుంచి "ఎత్తరాదూ, చేతులరిగిపోతాయా!" అని అరిచింది. అప్పుడు ఎత్తాడు. మెల్లగా, నలగకుండా, రెండు చేతులతో మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మంచి నేత" అన్నాడు. నా మొహం చూడలేదు.

లోపల కూర్చోబెట్టి ఆవిడ నా ముందు అన్నీ పెట్టింది. తింటూ నీ సంగతి చెప్పాను. ఎవరు నేర్పారు, ఎవరు తూచి చూశారు, ఏ రోజు పొరపాటైంది, అంతా. ఆయన చెంచా కింద పెట్టాడు.

"అంటే ఆమె ఇప్పుడు కూర్చుని ఉందా?"

గోడ గడియారం చూశాను. ఇక్కడ ఒంటిగంట. నీకు శనివారం సాయంత్రం నాలుగు.

"ఉంటుంది. మీరు ఎత్తేదాకా లేవనంది."

"నేను ఎత్తేశానని ఆమెకెవరు చెప్తారు?"

"ఉత్తరం రాస్తాను."

"ఉత్తరం చేరేదాకా కూర్చుంటుందా, పిచ్చిపిల్లా!" అని లేచి ఫోను దగ్గరికెళ్ళాడు. "మా చెల్లెలికి చేస్తానంటే గడియారం పట్టుకుని నిలబడతావు, ఇప్పుడు ఏకంగా సముద్రం మధ్యకా!" అంది ఆవిడ. మనింటి పక్కనే కదా అని హాస్పిటల్ నంబరు నేను చెప్పాను. ఆపరేటరు నలభై నిమిషాలు తిప్పలు పెట్టాడు. చివరికి ఎవరో నర్సు పలికింది. నేను మన భాషలో చెప్పబోతుంటే ఆయన నా చేతిలోంచి లాక్కున్నాడు.

"అమ్మా, నా పేరు లెఫ్తేరిస్" అని అరిచాడు, ఆ సముద్రమంతా తన గొంతుతోనే దాటాలన్నట్టు. "మీ పక్కింటి వాకిట్లో ఒకావిడ చాప కప్పుకుని కూర్చుని ఉంటుంది. నేను ఇక్కడ ఎత్తేశానని చెప్పండి. లేవమని చెప్పండి."

అటువైపు ఏదో అంది. ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఎవర్ని లేపాలని అడుగుతోంది. వాకిలంతా మనుషులున్నారట. ఎంతమందిని లేపమని చెప్పను?"

"అందర్నీ" అన్నాను.

"అందర్నీ!" అని అరిచాడు.

ఫోను నా చేతికిచ్చాడు. మీరంతా లేచే చప్పుడు వినాలని చెవికి గట్టిగా నొక్కుకున్నాను. నర్సు చెప్పడానికి పరిగెత్తిందేమో, పోతూ పోతూ ఫోను పెట్టేసింది. గరగర తప్ప ఏమీ వినపడలేదు. అయినా చాలాసేపు అలాగే పట్టుకున్నాను. ఆయన గడియారం వైపు చూడలేదు.

అందుకే అడుగుతున్నాను అత్తా. ఎవరెవరు కూర్చున్నారు? నీ పక్కన ఎవరు, వెనక వరసలో ఎవరు? పేర్లు రాయి. ఒక్కరినీ వదలకుండా రాయి.

మతిలే